మధ్యరకం టీవీ

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా ఆయన రాత్రి బస్సు వదిలేసి పగటి బస్సుకు మారిపోయారు. ఎవరో మార్చింది కాదు, తనే డిపోలో అడిగి మరీ మార్పించుకున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను పెడుతున్న పోరు అది. దూరప్రయాణాల బస్సు డ్రైవరు భార్యకు మొగుడంటే ఉతకాల్సిన యూనిఫాం చొక్కా, మూతపెట్టిన కంచం, పగలంతా మూసి ఉండే పడగ్గది తలుపు. అలాంటి మనిషి ఒక్కసారిగా దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండడం మొదలుపెట్టేసరికి నాకు సంతోషంతోపాటు కాస్త కంగారుగా కూడా అనిపించింది.

"ఉన్నట్టుండి ఎందుకు మారారండీ?" అని అడిగాను.

"నీ పోరు పడలేక" అన్నారు బూట్ల లేసులు విప్పుకుంటూ.

నమ్మాను. అంతకన్నా మంచి కారణం నాకు మాత్రం ఎందుకు?

మొదట్లో ఆయనకు సాయంత్రాలు ఎలా గడపాలో తెలిసేది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడేవారు. డబ్బాల మూతలు తీసి వాసన చూసి పెట్టేసేవారు. కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయిని "ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగి, అది చెప్పడం మొదలుపెట్టగానే "ఆహా, అలాగా" అని లేచిపోయేవారు. చివరికి టీవీ ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు కాస్త కుదురుకునేసరికి టీవీ పోయింది. వార్తలు చదువుతున్న ఆవిడ ముఖం టప్పున ఆరిపోయి గొంతు మాత్రం మిగిలింది. ఆ గొంతునే వింటూ కొన్నాళ్లు గడిపాం. బాగుచేసేవాడు వచ్చి వెనక మూత విప్పి చూసి, "దీని మీద పెట్టేదేదో కొత్తదాని మీద పెట్టుకోండి" అని, మూత బిగించకుండానే వెళ్లిపోయాడు.

"పోతే పోయింది. కొత్తది కొందాం" అన్నారు మా ఆయన. "పెద్దది. ఇంట్లోనే సినిమాహాలు పెట్టేద్దాం. ఇన్నేళ్లూ తల్లీకూతుళ్లు నన్నొదిలేసి చూసిన సినిమాలన్నీ వరసపెట్టి చూస్తా."

అమ్మాయి ఎగిరి గంతేసింది. నేనూ వేశాను, లోపల్లోపల.

మరీ చౌకది వద్దు, మరీ ఖరీదైంది మనవల్ల కాదు, మధ్యరకం చూద్దాం అనుకున్నాం. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో!

నేను బట్టలకు మార్పులు చేసే దుకాణంలో పని చేస్తాను. పొడుగైన ప్యాంట్లు పొట్టి చెయ్యడం, నడుం దగ్గర వదులు చెయ్యడం, పోయిన జిప్పులు మార్చడం మా పని. దుకాణం యజమానురాలిని అందరం పెద్దక్క అంటాం. కొలతలు ఇవ్వడానికి నిలబడ్డవాళ్లకు చేతులు కదపడానికి వీలుండదు గానీ నోరు ఖాళీగానే ఉంటుంది. మేం టీవీ కొంటున్నామని పెద్దక్క ఒకరితో అన్నదే తడవు, వచ్చినవాళ్లంతా సలహాలు మొదలుపెట్టారు. ప్యాంటు అంచు మడత పెట్టించుకుంటున్న బ్యాంకు ఉద్యోగి "ఓఎల్‌ఈడీ తప్ప ఇంకోటి కన్నెత్తి చూడకండి" అన్నాడు. ఆయన గుమ్మం దాటాడో లేదో, కోటు వదులు చేయించుకోవడానికొచ్చిన లెక్చరరు "ఓఎల్‌ఈడీ జోలికి మాత్రం పోకండి, ఒకే బొమ్మ ఎక్కువసేపు ఉంటే మచ్చ పడిపోతుంది" అన్నాడు. ఒకావిడ సౌండ్ బార్ లేని టీవీ దండగ అంది. ఇంకొకావిడ, సౌండ్ బార్ పెట్టిన దగ్గర్నుంచీ తమకు పక్కింటివాళ్లతో మాటల్లేవంది. హెచ్‌డీఆర్ అన్నారు, రిఫ్రెష్ రేటు అన్నారు, నిట్స్ అన్నారు. నిట్స్ ఏంటని అడిగితే వెలుగును కొలిచేవట. వెలుగును కూడా కొలుస్తారని నాకప్పుడే తెలిసింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అందరికీ తల ఊపాను.

ఆదివారం మా తమ్ముడు ఊడిపడ్డాడు. వాడు మందుల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాడు గానీ ప్రాణమంతా ఫోన్లూ టీవీల మీదే. తను కొనని వస్తువుల గురించి వాడికి తెలియని సంగతి ఉండదు. మా అమ్మాయి వాణ్ణి పిక్సెల్ మామయ్య అంటుంది. వాడు తడిసిన తల తుడుచుకోకుండానే నా కొలతల టేపు లాక్కుని, పాత వార్తాపత్రికలు అంటించి హాలు గోడ మీద అరవై అయిదు అంగుళాల టీవీ తయారుచేశాడు. దాని లోపల ఎర్ర స్కెచ్ పెన్నుతో యాభై అయిదు గీశాడు. దాని లోపల అమ్మాయి నలభై మూడు గీసింది.

"ఇది ఓఎల్‌ఈడీ అనుకో అక్కా" అన్నాడు పత్రికల మీద చెయ్యి తట్టి. "ఇందులో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ చుక్క పూర్తిగా ఆరిపోతుంది. అచ్చం కాటుక నలుపు. అదే మినీ ఎల్‌ఈడీ అయితే వెనకాల బుల్లి బుల్లి దీపాలుంటాయి. వెలుగెక్కువ, నలుపు కాస్త తక్కువ."

"అయితే ఆరిపోయేదానికి ఎక్కువ ధరా?"

"అయ్యో అక్కా!" వాడు తల పట్టుకున్నాడు. "సినిమా అందమంతా చీకట్లోనే ఉంటుందే. చీకటి సీన్లో ఏముందో కనబడాలి. అది కనబడని టీవీ ఎందుకు, గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే."

మా ఆయన లేచి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లారు. తిరిగొచ్చి, గోడ వంక కాసేపు చూసి, "ఇంత పెద్దది వద్దు" అన్నారు.

"ఏది నాన్నా? బయటిదా?"

"బయటిదీ వద్దు, మధ్యదీ వద్దు. ఆ లోపలి బుల్లిది చాలు."

"నలభై మూడా!" తమ్ముడు నోరు తెరిచాడు. "బావా, మొన్ననేగా సినిమాహాలు అన్నావ్? ఇది సినిమాహాలు కాదు, టిక్కెట్లిచ్చే కిటికీ."

"పెద్దదైతే తల అటూ ఇటూ తిప్పుతూ చూడాలి. రోజంతా స్టీరింగు దగ్గర తిప్పేది చాలదా?" అని, కుర్చీ ఈడ్చుకుంటూ వెనక గోడ దాకా వెళ్లి కూర్చున్నారు. "ఆ, ఇక్కణ్ణుంచి అయితే ఫరవాలేదు."

"అక్కణ్ణుంచి నలభై మూడు చూస్తే తపాలా బిళ్లలా ఉంటుంది నాన్నా!"

"నాకు తపాలా బిళ్లే ఇష్టం."

అమ్మాయి ముఖం మాడ్చుకుంది. నాకేమీ అర్థం కాలేదు. పెద్దది కావాలన్నదీ ఈయనే, వద్దన్నదీ ఈయనే. ఖర్చుకు వెనకాడుతున్నారా అంటే, ఆ మాట తెచ్చేసరికి "ఖర్చు గురించి నేనన్నానా?" అని కసిరారు. మా తమ్ముడి పెత్తనం గిట్టడం లేదేమో అనుకున్నాను. రాత్రి డ్యూటీ మానేసినందుకు లోపల్లోపల నా మీద కోపమేమో అని కూడా అనుకున్నాను. తర్వాతి వారాల్లో అది ఇంకా ముదిరింది. ఒకనాడు "ఏది బాగా వెలుగిస్తే అది కొనండి" అనేవారు. మర్నాడు "అసలెందుకు, ఫోన్లో చూసుకోండి" అనేవారు. గుమ్మం పక్కన ఎప్పుడూ ఉండే చెప్పుల స్టాండుకు కాలు తగిలితే, దాన్ని అక్కడ పెట్టినందుకు నన్ను తిట్టారు. అది మేం ఆ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ అక్కడే ఉంది. ఇన్నేళ్లూ ఆ వేళప్పుడు ఇంట్లో లేని మనిషి కదా, ఇల్లు కొత్తగా ఉందేమో అని సరిపెట్టుకున్నాను. టీవీల గురించి వినీ వినీ బుర్ర నిండిపోయింది. మనుషుల గురించి ఆలోచించే చోటు అందులో మిగల్లేదు.

చివరికి ఒక సెలవురోజు నలుగురం కలిసి షోరూముకు వెళ్లాం. బయట జోరుగా వాన. పై అంతస్తులో గోడ పొడుగునా టీవీలు, అన్నిటిలోనూ ఒకటే సముద్రం, ఒకటే చేపలు, ఒక్కోదాంట్లో ఒక్కో నీలం.

"ఇందులో అసలు రంగు ఏదమ్మా?" అని సేల్స్ ఆవిడను అడిగాను.

"మీకు నచ్చిందేనండీ" అంది ఆవిడ నవ్వి. ఆవిడ కోటు చేతులు బాగా పొడుగు. మాట్లాడుతూ మాట్లాడుతూ పైకి లాక్కుంటూ ఉంది. టీవీల కన్నా ఆ చేతుల సంగతే నాకు బాగా అర్థమైంది.

తమ్ముడు ఆవిణ్ణి నిట్స్ గురించీ పోర్టుల గురించీ గుక్కతిప్పుకోకుండా అడిగి, "చీకటి గదిలో చూపించండి" అన్నాడు. ఒక మూలన నల్ల తెర కట్టిన చిన్న గది ఉంది. లోపల రెండు టీవీలు పక్కపక్కన పెట్టి ఒకే దృశ్యం వేశారు. రాత్రి, వాన, పాత ఇల్లు, కిటికీలో చిన్న దీపం. ఇంటి చుట్టూ చెట్లు. నాకు మొదట దీపం ఒక్కటే కనిపించింది.

"ఎడమవైపు మూల చూడండి, చెట్ల కింద" అన్నాడు తమ్ముడు గుసగుసగా.

చూశాను. చెట్ల కింద చీకట్లోంచి చీకటి విడిపడినట్టు ఒక నల్ల గుర్రం. తడిసి ముద్దై నిలబడి ఉంది. చెవి ఒక్కటి కదిలింది. అమ్మాయి "అబ్బ!" అంది.

"బావా, కనబడిందా?"

"ఆ... కనబడింది."

"ఎలా ఉంది?"

"బానే ఉంది. గొడుగైనా లేకుండా నించున్నాడు పాపం."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "గుర్రానికి గొడుగేంటి బావా!" అమ్మాయీ నవ్వింది, సేల్స్ ఆవిడా నవ్వింది. ఒక్క క్షణం ఆలస్యంగా ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వుతూనే ఆయన వైపు తిరిగాను. టీవీ వెలుగులో ఆయన చేతులు కనిపించాయి. ముందున్న కుర్చీ వీపును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నారు.

బయటికి వచ్చేటప్పుడు "మీరు పదండి" అని అందర్నీ ముందు వెళ్లనిచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు. నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకోని మనిషి. వెలుతురులోకి రాగానే చెయ్యి తీసేసి, వరసలో అన్నిటికన్నా కాంతిగా ఉన్న టీవీని చూపించి "ఇది తీసుకుందాం" అన్నారు.

"అది కళ్లు పొడిచేస్తోంది బావా."

"నన్నేం పొడవట్లేదు."

ఆ రోజు ఏదీ కొనలేదు. ఎవరి అలకతో వాళ్లు, ఒక్కో గొడుగు కింద ఇద్దరేసి ఇల్లు చేరాం.

మర్నాడు దుకాణంలో ఒక ప్యాంటుకు కుట్టిన కాలే మళ్లీ కుట్టాను. ఆ గుర్రం నన్ను వదల్లేదు. గుర్రాన్ని మనిషన్నారు. జోకేనా? జోకైతే మా ఆయన ముందే నవ్వేస్తారు. తన జోకులకు ఇంకెవరూ నవ్వకముందే తను నవ్వే మనిషి ఆయన. మరి నిన్న అందరికన్నా వెనక నవ్వారెందుకు? పెద్దక్క నా చేతిలోంచి ప్యాంటు తీసుకుని, "ఇవాళ నీకు పని మీద ధ్యాస లేదు, ఇంటికి పో" అంది.

ఇంటికి పోలేదు. బస్‌స్టాపుకు వెళ్లి ఆయన బస్సు కోసం నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు. అడిగితే చెప్పని మనిషిని వెళ్లి చూడాలనిపించింది, అంతే. బస్సు వచ్చాక జనం మధ్యలో నక్కి ఎక్కి మూడో వరసలో కూర్చున్నాను. ఆయన నన్ను చూడలేదు. కండక్టరు చూశాడు. ఆయనా మా ఆయనా చాన్నాళ్లుగా ఒకే బండి మీద పని చేస్తున్నారు. నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆ రోజు మాత్రం నన్ను చూసి పలకరించకుండా తల తిప్పుకున్నాడు.

టిక్కెట్లు గబగబా కొట్టేసి కండక్టరు ముందుకు వెళ్లి డ్రైవరు పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కదల్లేదు. వాన పడుతోంది, వైపర్లు కిర్రుకిర్రుమంటున్నాయి. మలుపు వచ్చింది.

"ఎడమ?" అన్నారు మా ఆయన.

"ఖాళీ" అన్నాడు కండక్టరు.

ఇంకో మలుపు. "ఎడమ?"

"సైకిలు... ఉండు... ఆ, పోనీ."

నా పక్కనున్న ముసలాయన, "ఈ డ్రైవరు భలే జాగ్రత్త మనిషమ్మా, నత్తలా నడుపుతాడు" అన్నాడు. మా ఆయన మెడ అటూ ఇటూ కోడి తిప్పినట్టు తిప్పుతూనే ఉన్నారు. రోజంతా తల తిప్పేది చాలదా అని ఆ రోజు ఎందుకన్నారో తెలిసింది గానీ, తెలిసినదాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మార్కెట్టు దగ్గర ఒకావిడ చిల్లర కోసం కండక్టరును వెనక్కి పిలిచింది. ఆయన ఇటు తిరిగాడు. అదే సమయంలో ఎడమవైపు సందులోంచి పళ్ల బండి తోసుకుంటూ ఒకతను రోడ్డు మీదికి వచ్చాడు. తల మీద గోనెపట్టా కప్పుకుని, వంగి, కిందికి చూస్తూ తోస్తున్నాడు.

"ఎడమ?" అన్నారు మా ఆయన.

ఎవరూ పలకలేదు. బస్సు ఆగలేదు.

"ఆపండి!" అని అరిచాను.

బ్రేకు పడింది. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. పళ్ల బండతను బస్సు రేకు మీద అరచేత్తో కొట్టి ఏదో తిట్టి, బండి వెనక్కి లాక్కున్నాడు. మా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు, నా గొంతు గుర్తుపట్టేశారు. బస్సు మళ్లీ కదిలింది. మిగిలిన దారంతా ఇంకా నెమ్మదిగా పోయింది.

చివరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు నా దగ్గరికి వచ్చాడు. "రాత్రి డ్యూటీ నేనే మాన్పించానమ్మా. పగలైతే ఫరవాలేదనుకున్నాం. ఇంట్లో చెప్పమని రోజూ చెప్తూనే ఉన్నా" అన్నాడు.

బస్‌స్టాండు రేకుల కింద బెంచీ మీద కూర్చున్నాం, నేనూ మా ఆయనా. పైన వాన దరువు వేస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"తెలీదు. మొదట అద్దం మురికనుకున్నా. తుడిపించా. లైట్లు డిమ్మయ్యాయనుకుని బల్బులు మార్పించా. ఓ రోజు వేరే బస్సు ఇచ్చారు. అందులోనూ అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? కనబడనిది కనబడట్లేదని ఎలా తెలుస్తుంది? అక్కడ నల్లగా ఏమీ ఉండదే. అక్కడ అసలేమీ లేనట్టే ఉంటుంది. తగిలినప్పుడే తెలుస్తుంది ఉందని."

నాకు జాలి వెయ్యాల్సింది. కోపం వచ్చింది. "బస్సు నిండా జనమండీ. ఆ పళ్లబండి అతను..."

"తెలుసు."

"తెలిసే నడిపారా?"

ఆయన చేతిలో బస్సు తాళాలు ఉన్నాయి. వాటిని కాసేపు అరచేతిలో తిప్పి, లేచి వెళ్లి కండక్టరుకు ఇచ్చారు. "డిపోకి ఫోన్ చేసి ఇంకో డ్రైవర్ని పంపించమను. నాకు ఒంట్లో బాలేదని చెప్పు" అన్నారు. తర్వాత ఆగి, "వద్దులే. కళ్లు కనబడట్లేదనే చెప్పు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన ఆయన, ఆయన పక్కన నేను. సగం దారి వచ్చాక, "ఈ సీటు ఇంత గట్టిగా ఉంటుందా! జనం ఎలా కూర్చుంటారో" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కళ్ల ఆసుపత్రిలో ఆయన్ను ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టమన్నారు. చేతికి ఒక మీట ఇచ్చి, ఎక్కడ వెలుగు చుక్క కనబడినా నొక్కమన్నారు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆ చుక్కలు నాకు కనిపించవు. మీట చప్పుడు మాత్రం వినిపిస్తుంది. టిక్. టిక్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పరీక్ష ఆపేశారేమో అనుకున్నాను. ఆపలేదు. ఆ మౌనంలో ఎన్ని చుక్కలు వెలిగి ఆరిపోయాయో! మళ్లీ టిక్. మళ్లీ ఏమీ లేదు.

"కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోంది. గ్లకోమా" అంది డాక్టరమ్మ. "మధ్యలో చూపు బాగానే ఉంది. అంచులు పోయాయి, ఎడమవైపు ఎక్కువ. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు రాస్తున్నా, మానకుండా వెయ్యాలి. డ్రైవింగు మాత్రం ఇంక కుదరదండీ." ఇంట్లో రక్తసంబంధం ఉన్నవాళ్లు కూడా చూపించుకోవాలని చెప్పింది. అమ్మాయిని తీసుకెళ్లి చూపించాం. దానికేమీ లేదన్నారు. బయటికొచ్చి అది మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తనకేమీ లేదన్నందుకో, నాన్నకు ఉన్నందుకో దానికే తెలియలేదు.

తమ్ముడు విషయం తెలిసి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పి, మళ్లీ వేసుకుని, మళ్లీ విప్పాడు. వాడన్న ఆ గుడ్డికన్ను సామెత వాడికి గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. జేబులోంచి చుక్కల మందు సీసాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇవి నేను తెస్తుంటా బావా, నువ్వు ఎక్కడా కొనకు" అన్నాడు. ఆ రోజు వాడు పిక్సెళ్ల మాటే ఎత్తలేదు. అది చూసి నాకు మరీ భయం వేసింది.

డిపోవాళ్లు మా ఆయన్ను బస్‌స్టాండులో మైకు దగ్గర కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే పని. వెళ్లడానికి మొదట్లో మొరాయించారు. స్టీరింగు పట్టిన చేత్తో మైకు పట్టుకోనన్నారు. తర్వాత వెళ్లారు. జీతం తగ్గింది గానీ ఇల్లు గడవకుండా పోలేదు. మళ్లీ టీవీ మాట ఎవరం ఎత్తలేదు. గోడ మీద పత్రికలు చెమ్మకు ఒక మూల ఊడి వేలాడుతున్నా పీకడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

వానలు వెనకపట్టు పట్టాక ఒక సాయంత్రం ఆయనే పీకారు. పీకి, ఉండచుట్టి, "పదండి, షోరూము మూసేస్తారు" అన్నారు.

"ఇప్పుడెందుకండీ?" అన్నాను.

"ఎందుకేంటి? ఉన్న చూపుతో గోడ చూస్తూ కూర్చోమంటావా?"

తమ్ముడు నేరుగా అక్కడికే వచ్చాడు. అదే సేల్స్ ఆవిడ, అదే పొడుగు చేతుల కోటు. అన్ని టీవీల్లోనూ ఈసారి కొండలు. మా ఆయన మొదటిదాని ముందు నిలబడి, "నాకు అంచుల్లోది కనబడదమ్మా. మధ్యలోదే కనబడుతుంది. చీకటి అసలు అందదు. దాన్నిబట్టి చూపించు" అన్నారు, సంతలో కూరగాయలు అడిగినంత మామూలుగా. ఆవిడ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, మారుమాట లేకుండా రిమోటు తీసుకుంది.

"ఇందులో ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకే వస్తోంది" అని రెండు చేతులతో గాలిలో గీశారు ఆయన. పక్కదానికి వెళ్లారు. "ఇది నల్లగా ఉంది." ఇంకోదానికి వెళ్లారు. "ఇది బాగుంది, కానీ పెద్దది. ఉండు." ఆ టీవీ వైపే చూస్తూ వెనక్కి నడిచారు. ఆయన వెనకున్న స్టూలును అమ్మాయి తప్పించింది. అలా నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగారు. "ఆ. ఇక్కడ మొత్తం వచ్చింది."

తమ్ముడు నేల మీద కూర్చుని అడుగులు కొలిచాడు. మా హాల్లో వెనక గోడ దాకా జరిగినా అంత దూరం రాదు. ఒక సైజు తగ్గిస్తే సరిపోతుంది. యాభై అంగుళాల మినీ ఎల్‌ఈడీ అని తేల్చాడు. "ఇదే మంచిది బావా. వెలుగు బాగుంటుంది" అన్నాడు. చీకటి గది తెర వైపు వాడి కళ్లు ఒకసారి వెళ్లొచ్చాయి గానీ, నోరు మెదపలేదు. రంగులు సరిగ్గా ఉన్నాయో లేవో నాకు ఆ రోజుకీ తెలియలేదు. నిట్స్ ఎన్నో ఆవిడ చెప్పింది, వెంటనే మర్చిపోయాను.

టీవీ బిగించిన రోజు సాయంత్రం ఓటీటీలో అమ్మాయి వెతికి వెతికి ఒక హాస్య సినిమా పెట్టింది. చీకటి సీన్లు లేనిది. ఆయన వెనక గోడకు ఆనుకుని కుర్చీలో. మేం ముగ్గురం నేల మీద. సినిమా మొదలైన దగ్గర్నుంచీ మాకు ఒకటే పని.

"నాన్నా, కుడిపక్క నుంచి అత్తగారు వస్తోంది."

"ఎడమవైపు తలుపు తెరుచుకుంది బావా."

"పైన బాల్కనీలో ఎవరో ఉన్నారండీ."

ఆయన "ఊఁ" అంటున్నారు. మేం కథ వదిలేసి, టీవీ నాలుగు మూలలూ కాపలా కాస్తున్నాం. ఎవరు ఎటు నుంచి వస్తారో, ఏ వస్తువు ఏ అంచున కదులుతుందో ముందే పట్టుకోవాలని పోటీ.

ఉన్నట్టుండి ఆయన ఫక్కున నవ్వారు. కుర్చీ కిర్రుమనేలా, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

మేం ముగ్గురం వెనక్కి తిరిగాం. మళ్లీ టీవీ వైపు తిరిగాం. అక్కడ హీరో ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది నాన్నా?"

"అదేంటి, చూడలేదా?"

"ఎక్కడ?" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడేంట్రా, మధ్యలో! మీ ముగ్గురికీ కళ్లు బాగానే ఉన్నాయి కదా, ఎక్కడ చూస్తున్నారు?"

ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఎవరికీ తెలియదు. ఆయన ఇంకా నవ్వుతూనే చెయ్యి చాపారు.

"ఆ రిమోటు ఇలా తే. వెనక్కి తిప్పి చూపిస్తా."